చిన్న తెల్ల మాత్ర

ఫిబ్రవరి 11, బుధవారం

నెల రోజులు సెలవు. కాలేజీలో ఎలుకల గదికి మరమ్మతులు చేస్తున్నారు. అవి పూర్తయ్యేదాకా కొత్త ప్రయోగాలు లేవు, ఇంటికెళ్లి థీసిస్ రాసుకోమన్నారు మా గైడు. థీసిస్ కోసం కొన్న నోటుపుస్తకంలో వెనక వైపు నుంచి ఇది మొదలుపెట్టాను. ఎవరికీ చూపించేది కాదు.

తిరువూరు బస్టాండుకి అన్నయ్య ముబీన్ ఆటో తెచ్చాడు. ఇంట్లో అడుగుపెట్టగానే నాన్నని చూసి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. ఐదు నెలల్లో ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. మోచేతి దగ్గర ఊదారంగు మచ్చలు, తలుపు గడియ తగిలినా కమిలిపోతోందట. అమ్మేమో మీ నాన్న ఒళ్లు చేశాడని మురిసిపోతోంది. ఈ ముఖానికి మా పాఠాల్లో ఒక పేరుంది. ఇప్పుడెందుకులే.

ఫిబ్రవరి 12, గురువారం

అమ్మ గూట్లోంచి పొట్లం తీసి చూపించింది. పాత నోటుపుస్తకం కాగితంలో నాలుగు మాత్రలు. ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి గొట్టం మాత్ర, ఇంకొకటి చిన్న తెల్లది. పూటకో పొట్లం, రోజుకి మూడు. దీన్నే ఇక్కడ సెట్టు అంటారు. పత్తి తీసేవాళ్లూ, మామిడి తోటల్లో బుట్టలు మోసేవాళ్లూ, నడుం పట్టేసినవాళ్లూ రాయప్ప దగ్గరికెళ్లి ఒక సెట్టు ఇవ్వమంటారు. రాయప్ప చదివిన డాక్టరేం కాదు, ఎప్పుడో కాంపౌండరుగా చేసి ఆర్‌ఎంపీ బోర్డు పెట్టుకున్నాడు. నాలుగు డబ్బాల్లోంచి నాలుగు తీసి చుట్టి ఇస్తాడు. ఏ మాత్ర పేరూ ఎవరికీ తెలియదు.

ఆరేళ్ల కింద నాన్న వేళ్ల కణుపులు వాచి, పరుపు కుట్టే దబ్బనం పట్టుకోలేకపోయాడు. దూదేకుల పని చేసేవాడికి చేతులే గదా ఆస్తి. అప్పుడు మొదలైన సెట్టు ఇది.

పసుపుది నొప్పికి. గులాబీది కడుపు మంటకి. గొట్టం మాత్ర బలానికి. చిన్న తెల్లది ఏమిటో తెలియలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

రాయప్ప దగ్గరికి వెళ్లాను. అరుగు మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే కడిగేశాను. నేను ఎం.ఫార్మసీ చదివాననీ, వాపుల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాననీ, మనుషుల్ని గొడ్లకంటే హీనంగా చూస్తున్నాడనీ అన్నాను. అరవై ఏళ్ల మనిషి లేచి నిలబడి విన్నాడు. సెట్టు లేకపోతే మీ నాన్న ఈ ఆరేళ్లూ దబ్బనం పట్టేవాడు కాదమ్మా అని ఒక్క మాట అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ నేను వచ్చేశాను.

ఒళ్లంతా తేలికయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

అన్నయ్య ఆటో మీద వెళ్లాక ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ మురిక్కాలవలో పారబోశాను. అమ్మ కంగారుపడింది. చదువుకున్న పిల్ల చెప్తోంది కదా ఊరుకోవే అని నాన్న ఆమెని మందలించాడు.

సాయంత్రం నాన్న నా పక్కన కూర్చుని చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి, చివరికి అసలు విషయం అడిగాడు.

"అయితే ఈసారి ఒక్కపొద్దు ఉండొచ్చా తల్లీ?"

సెట్టు మూడు పూటలా అన్నం తిన్నాకే వేసుకోవాలి. అందుకని ఆరేళ్లుగా రంజాన్‌లో నాన్న ఒక్కపొద్దు లేడు. నెలంతా షాపులో పరుపుల గుట్ట వెనక కూర్చుని దొంగలా నాలుగు ముద్దలు తినేవాడు. ఎవరైనా వస్తే గిన్నె మీద బొంత కప్పేసేవాడు.

ఉండు నాన్నా అన్నాను. నాకు పీహెచ్‌డీ సీటు వచ్చిన రోజున కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు.

ఫిబ్రవరి 17, మంగళవారం

నొప్పులు తిరిగొచ్చాయి. కణుపులు, మోకాళ్లు, భుజాలు. రాకుండా ఎలా ఉంటాయి? పారాసెటమాల్ ఇచ్చాను, వేణ్ణీళ్ల కాపడం పెట్టాను. పది రోజులు ఓర్చుకుంటే సర్దుకుంటుందని చెప్పాను. పది రోజులని ఎక్కడ చదివానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 19, గురువారం

మొదటి ఒక్కపొద్దు. తెల్లవారుజామున సహరీ తినడానికి అందరికంటే ముందు నాన్నే లేచాడు. అత్తరు రాసుకున్నాడు. సాయంత్రం మసీదులో జమాతు పెద్దలంతా నాన్నని పేరుపెట్టి పిలిచి, మన పీర్‌సాహెబ్ వచ్చాడని చోటిచ్చి కూర్చోబెట్టారట. ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మకి రెండుసార్లు చెప్పాడు.

ఫిబ్రవరి 21, శనివారం

నాన్న ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం తిని చాలన్నాడు. గంజి తాగబోతే వికారంగా ఉందన్నాడు. ఆరేళ్ల తర్వాత ఉంటున్నాడు కదా, కడుపు అలవాటు తప్పింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

నాన్న షాపుకి వెళ్లలేదు. మొదటి వారం ఎవరికైనా అంతే.

ఫిబ్రవరి 23, సోమవారం

పొద్దున్నుంచీ థీసిస్సే రాశాను. రెండో అధ్యాయం. కణానికి గాయమైతే అది ఊరుకోదు, చుట్టుపక్కల వాటికి కబురు పంపుతుంది. ఆ కబురు అందిన కణంలో అప్పటిదాకా కట్టేసి ఉన్న ఒక ప్రోటీను విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, వాపుకి సంబంధించిన జన్యువులన్నిటినీ నిద్రలేపుతుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నీ దాని వెనకే వస్తాయి. వాపు శత్రువు కాదు, బాగుచేయడానికి వచ్చిన కూలీల గోల. గోల మరీ ఎక్కువైతే ఇల్లే కూలుతుంది. మందులన్నీ ఆ గోలని ఎక్కడో ఒకచోట ఆపేవే.

నా ప్రయోగంలో ఎలుకల్ని నాలుగు గుంపులు చేశాను. మొదటి దానికి ఏమీ ఇవ్వం. రెండోదానికి కాలి వాపు తెప్పించి వదిలేస్తాం. మూడోదానికి నేను తీసిన తిప్పతీగ సారం ఇస్తాం. నాలుగోదానికి, నా మందు దేనికి సరితూగాలో ఆ పేరున్న మందు. నాలుగో గుంపు ఎలుకల కాళ్ల వాపు ఎంత అందంగా దిగుతుందో. గ్రాఫులో ఆ గీత చూస్తే ముచ్చటేస్తుంది.

ఆ మందు పేరు ఇవాళ రాయబుద్ధి కాలేదు. ఖాళీ వదిలి ముందుకెళ్లాను.

నాన్న పడుకునే ఉన్నాడు. ఎండలు ముదురుతున్నాయి కదా.

ఫిబ్రవరి 24, మంగళవారం

నమాజుకి లేవబోయి గోడ పట్టుకున్నాడు. బీపీ చూశాను. తొంభై, అరవై. ఒక్కపొద్దులో తగ్గుతుంది. రేపటి నుంచి మానేయమని చెప్పాను. నాన్న నవ్వి, ఆరేళ్లు మానేశాను కదమ్మా అన్నాడు. నేను గట్టిగా చెప్పలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం

ఒక్కపొద్దు కదా. ఒక్కపొద్దు కదా. పొద్దున్నుంచీ అమ్మతో ఎన్నిసార్లు అన్నానో.

ఫిబ్రవరి 26, గురువారం. విజయవాడ, ఆసుపత్రి

పొద్దున జ్వరం తగిలింది. ఎనిమిదింటికి వాంతి చేసుకుని పెరట్లో పడిపోయాడు. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టాయి. అన్నయ్య అంబులెన్సు పిలిచాడు. ఎ.కొండూరు దాటేదాకా పలికాడు, తర్వాత పలకలేదు.

ఇక్కడ డాక్టరమ్మ నాకంటే రెండేళ్లు పెద్దదేమో. ముఖం చూసీ చూడగానే ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడారా అని అడిగింది. ఆరేళ్లు సెట్టు వాడి ఈమధ్యే ఆపేశాడని అమ్మ చెప్పింది. ఆమె ఇంజెక్షను వేసి సెలైను పెట్టించాక అన్నయ్యకి విడమర్చి చెప్పింది. కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయట. ఒంటికి జబ్బు చేసినా దెబ్బ తగిలినా తట్టుకునే హార్మోను అవే తయారుచేస్తాయట. అదే పని చేసే మాత్ర రోజూ బయటి నుంచి వస్తుంటే, ఇక మనతో పనిలేదనుకుని అవి పడుకుంటాయట. మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే లోపలిది లేవదు, బయటిది లేదు. ఆ పైన ఉపవాసం, జ్వరం.

ఈ పాఠం నేను సెకండియర్ వాళ్లకి మూడేళ్లుగా చెబుతున్నాను. మొదటిసారి వింటున్నదానిలా తల ఊపుతూ నిలబడ్డాను.

మధ్యాహ్నానికి నాన్నకి మెలకువ వచ్చింది. డాక్టరమ్మ ఆయన మీదికి వంగి, మాత్రలు ఒక్కసారిగా ఆపమని ఎవరు చెప్పారు పెద్దాయనా అని అడిగింది. నాన్న నా వైపు చూడలేదు.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఒక్కపొద్దు ఉండాలని నేనే ఆపేశాను."

నేను పక్కనే ఉన్నాను. సెలైను బాటిలు వైపు చూశాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బీపీ లేచింది. ఊపిరితిత్తుల్లోకి జబ్బు దిగిందంటున్నారు. ఆరేళ్లు వాపుతో పాటు ఒంటి కాపలాని కూడా ఆ మాత్ర అణచివేసిందట. తెలుసు. అన్నీ తెలుసు నాకు.

ఫిబ్రవరి 28, శనివారం

నాన్న పోయాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళ.

మార్చి 2, సోమవారం

మూడో రోజు జియారత్. ఖబరస్తాన్ నుంచి వచ్చి అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు రాయప్ప గారు వచ్చారు. చెప్పులు వీధిలోనే విప్పి, లోపలికి రాకుండా నిలబడ్డారు. అన్నయ్య లేచి చొక్కా పట్టుకుని నెట్టాడు. మా నాన్నకి ఆరేళ్లు విషం పెట్టావని అన్నాడు. నలుగురూ పట్టుకోకపోతే కొట్టేవాడే. ఆయన వెళ్తూ గుమ్మంలో ఉన్న నా వైపు ఒకసారి చూశారు, అంతే. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

మార్చి 4, బుధవారం

రాయప్ప గారి గది మూత పడింది. మనవాళ్ల కుర్రాళ్లు వెళ్లి బోర్డు పీకేశారు. ఆయన ఎ.కొండూరులో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారని చెప్పుకుంటున్నారు.

మార్చి 5, గురువారం

అన్నయ్య పోలీసు కంప్లెయింటు రాయమన్నాడు. మందుల సంగతి నీకే తెలుసు, నువ్వు రాసి సంతకం పెడితే బలంగా ఉంటుందన్నాడు. కూర్చుని రాశాను. మాత్ర పేరు, మోతాదు, ఆరేళ్లలో ఒంటికి చేసిన చెరుపు, అన్నీ. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎంత బాగా రాశావే అన్నాడు అన్నయ్య. సంతకం రేపు పెడతానన్నాను.

మార్చి 6, శుక్రవారం

ఫిబ్రవరి పద్నాలుగున రాయనిది ఇప్పుడు రాస్తున్నాను.

రాయప్ప గారు నా వెనకే రోడ్డు మీదకి వచ్చారు. అరుగు మీద వాళ్లకి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పారు.

"అమ్మా, ఆ తెల్లది మటుకు ఒక్కసారే ఆపొద్దండి. ముందు సగం, తర్వాత పావు. రెండు మూడు నెలలు పట్టుద్ది. నేనిస్తా, లేదంటే పెద్ద డాక్టరుకి చూపించండి."

మీరు నాకు పాఠం చెప్పేదాకా వచ్చారా అన్నాను.

తెల్లది ఏమిటో నాకు పొట్లం విప్పినప్పుడే తెలుసు. నాన్న ముఖం చూసినప్పుడే తెలుసు. అది నా నాలుగో గుంపు ఎలుకల మందు, డెక్సామెథసోన్. నాలుగేళ్లుగా తూకం వేస్తున్న మందు. మెల్లగా తగ్గించాలనీ తెలుసు. అదే మాట పుస్తకంలో కనపడి ఉంటే చేసేదాన్ని. ఆయన నోట్లోంచి వచ్చింది కాబట్టి చేయలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా!

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఎలుకల్లో మందు ఆపాక బతికింది ఒక్కటీ లేదు. ప్రయోగం చివరి రోజున అన్నిటినీ చంపి, కోసి చూస్తాం. ఇవ్వడమే చూశాను, ఆపడం ఎన్నడూ చూడలేదు. చూడనిది నిజంగా జరుగుతుందని నాకు లోపల నమ్మకం లేకపోయి ఉండాలి. ఇది సాకో నిజమో తేల్చుకోలేకపోతున్నాను.

బీపీ తొంభై చూసిన రోజున ఒక్క మాత్ర వేసి ఉంటే నాన్న బతికేవాడు. మా వీధి చివర మందుల షాపు ఉంది.

మార్చి 7, శనివారం

అమ్మకి చెప్పేశాను. బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు, ఏరుతూనే విన్నది.

"ఆ రాయప్ప చెప్పినట్టు చేస్తే బతికేవాడా?"

బతికేవాడన్నాను. చేటలోంచి రాయి ఒకటి ఏరి పారేసింది. తర్వాత, మీ నాన్న ఒక్కపొద్దులో అబద్ధం ఆడని మనిషి అన్నది. నీ కోసం చివరి మాట అబద్ధం చెప్పి పోయాడు, ఇప్పుడు నువ్వు నిజం చెబితే ఆ మాట ఏం గాను అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. నిజంగా తెలియక అడిగింది.

కాబట్టి సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. నాన్న మాట నిలబెట్టినట్టు ఉంటుంది. అమ్మ మాటా విన్నట్టు ఉంటుంది. ఎంత సులువుగా కుదిరిపోయిందో.

మార్చి 8, ఆదివారం

పొద్దున కూరగాయలకి వెళ్తూ రాయప్ప గారి గది ముందు నుంచి వచ్చాను. తాళం వేసిన తలుపు ముందు అరుగు మీద ఒక ఆడమనిషి పడుకుని ఉంది. ముఖం గుండ్రంగా ఉంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

దగ్గరికెళ్లి అడిగాను. వినగడప నుంచి వచ్చింది, పేరు అక్కమ్మ. ఐదేళ్లుగా సెట్టు వాడుతోంది. బుధవారం నుంచి వస్తూ ఉంటే తలుపు తీయడం లేదట. సెట్టు లేక నాలుగు రోజులైంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, ముద్ద దిగడం లేదు.

"పత్తి చేలో ఎండ తగిలిందేమోనమ్మా," అంది.

నేను ఒక్కపొద్దు కదా అన్నాను, ఆమె ఎండ కదా అంటోంది.

ఆటో పిలిచి గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గారికి ఏం మాత్రో, ఎన్నాళ్లు వాడిందో, ఎన్నాళ్ల కింద ఆగిందో చెప్పాను. అంత ఖచ్చితంగా మీకెలా తెలుసని ఆయన అడిగారు. మా నాన్నకి నేనే ఆపాను సార్ అన్నాను. బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన వెంటనే ఇంజెక్షను రాశారు. ఇలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో పేర్లు తెస్తే కబురుపెట్టి పిలిపిస్తాననీ, ఒక్కొక్కరికి మెల్లగా తగ్గించుకుంటూ వద్దామనీ అన్నారు. పేర్లు ఒక్క రాయప్ప గారికే తెలుసు. ఆయన ఎప్పుడూ ఏదీ కాగితం మీద పెట్టలేదు.

ఇంటికొచ్చి అన్నయ్యకి అంతా చెప్పాను. అమ్మ వద్దన్నట్టు చూసింది, కానీ ఆపలేదు. అన్నయ్య వింటూ వింటూ కింద కూర్చుండిపోయాడు. నన్ను కొడతాడనుకున్నాను. లేచి వెళ్లి, నేను రాసిన కంప్లెయింటు కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఇద్దరి పేర్లూ రాయి," అన్నాడు. "ఆరేళ్లు ఆయనది. పదకొండు రోజులు నీది."

రాశాను. సంతకం కూడా పెట్టాను.

మార్చి 9, సోమవారం

అన్నయ్యే ఆటోలో ఎ.కొండూరు తీసుకెళ్లాడు. వీధి మొదట్లోనే ఆటో ఆపి, తను రానన్నాడు.

రాయప్ప గారు చెల్లెలి వసారాలో మంచం మీద ఉన్నారు. నన్ను చూసి లేచారు. కంప్లెయింటు ఇచ్చామనీ, అందులో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయనీ ముందే చెప్పాను. మీ పేరెందుకమ్మా అన్నారు. ఆ రోజు రోడ్డు మీద మీరు చెప్పిన మాట కూడా అందులో రాశానన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, వాళ్లు నొప్పులని ఏడుస్తుంటే చూడలేక ఇచ్చాను గానీ, ఇచ్చినకొద్దీ బాగుందని మళ్లీ మళ్లీ వచ్చేవారు, ఎక్కడ ఆపాలో నాకూ తెలియలేదు అన్నారు. నేను క్షమించమని అడుగుదామనుకుని వెళ్లాను. పేర్లు కావాలన్నాను.

ఈ పుస్తకమే తీసి పట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని, వీధి వీధీ నడుచుకుంటూ వెళ్తున్నట్టు చెప్పుకుపోయారు. వినగడప అక్కమ్మ. చెరువు కింద సామ్రాజ్యం, తెల్లది పూటకి రెండు. రైసుమిల్లు యేసుదాసు, నాలుగేళ్లు. గంపలగూడెం రోడ్డు హనుమయ్య, ఆయనకి షుగరుంది జాగ్రత్త. ఎవరికి ఎన్ని మాత్రలు, ఎప్పటి నుంచో ఒక్కటీ తడుముకోలేదు. ఇరవై, ముప్ఫై దాటాయి. నేను తల ఎత్తకుండా రాస్తున్నాను. తిరువూరు వీధుల్లోకి వచ్చారు. బస్టాండు వెనక టీకొట్టు రావమ్మ, మసీదు సందులో కుట్టుమిషను కరీముల్లా, ఆ పక్కన పరుపుల పీర్‌సాహెబ్, ఆరేళ్లు, పూటకి ఒకటి.

అక్కడ ఆగిపోయారు. కళ్లు తెరిచి, కొట్టేయమ్మా అన్నారు.

నేను అప్పటికే రాసేశాను.